మడమ అచ్చు

అమెరికాలో, బెంటన్‌విల్‌లో నాకు మౌంటెన్ బైక్ తొక్కడం నేర్పిన పెద్దాయన మా ఆఫీసులోనే కాంట్రాక్టర్. శనివారం పొద్దున్నే కారు వెనక సైకిళ్లు కట్టుకుని అడవికి వెళ్తే, ఆయన సైకిళ్ల మట్టిబాట మొదట్లో ఆగి, మట్టిలో బూటు మడమ నొక్కి చూసేవారు. అచ్చు పడిందంటే ఇక అంతే.

"తడిగా ఉందండీ. పదండి, వెళ్లిపోదాం."

"ఇంత దూరం వచ్చి తొక్కకుండా పోవడమేంటండీ? వాన పడి రెండు రోజులైంది!"

ఆయన వాదించేవారు కాదు. సైకిల్ మళ్లీ కారుకి కట్టేసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ వసంతంలో నాలుగు శనివారాలు అలాగే తగలడ్డాయి.

ప్రాజెక్ట్ అయిపోయి ఆయన వేరే ఊరు వెళ్లిపోయాక, వాన వెలిసిన మర్నాడే ఒక్కడినే వెళ్లి, బురద చిమ్ముకుంటూ కసితీరా తొక్కాను. వారం తర్వాత మళ్లీ వెళ్తే, ఎండకి గట్టిపడ్డ గాడిలో ముందు చక్రం ఇరుక్కుని బోర్లా పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. తడిలో తొక్కిన వెధవ ఎవడ్రా అని తిట్టుకుంటూ లేచి చూస్తే, గాడి పొడుగునా నా టైరు అచ్చులే.

ఆ కోపంలోనే ఆయనకి ఫోన్ చేశాను. "ఎందుకు తొక్కకూడదో ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"ప్రతిసారీ చూపించానుగా అండీ," అన్నారు.