మాట రాదని రాసిన పిల్ల

మొన్న కరీంనగర్‌లో మా మనుమరాలు తన రెండేళ్ళ కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆస్పత్రివాళ్ళు ఫోనుకు పంపిన ప్రశ్నలకు జవాబులు నొక్కుతూ, "అమ్మమ్మా, వీడు రెండు మాటలు కలిపి మాట్లాడుతడా?" అని నన్నడిగింది. వాడు అప్పటికే నా కళ్ళజోడు లాగుతూ గడగడా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. అలాంటి ప్రశ్నలే అచ్చువేసిన కాగితాలు చంకలో పెట్టుకుని ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

ఎనభైల మొదట్లో మాట ఇది. హుస్నాబాద్ దిక్కు చాలా ఏళ్ళు గ్రామసేవికగా చేసి, పంచాయతీ సమితి చిన్నపిల్లల కార్యక్రమానికి అధికారినై ఖానాపూర్ వచ్చాను. ఆరేళ్ళలోపు పిల్లల్లో నడక రానివాళ్ళను, మాట రానివాళ్ళను, చూపో వినికిడో సరిగా లేనివాళ్ళను తొందరగా కనిపెట్టి, వైద్యమో చదువో అందే చోటికి పంపడం నా పని. ఆ రోజుల్లో ఆడ అధికారి జీపు దిగుతుంటే సగం ఊరు పని మానుకుని వచ్చి చూసేది. పెద్దపల్లిలో మా బాపు అయితే, ఇంత భూమి పెట్టుకుని అడవుల వెంట తిరిగే గతి నీకేం పట్టింది బిడ్డా అని పండుగకు పోయినప్పుడల్లా అడిగేవాడు.

ఏం పట్టిందో ఆయనకూ తెలుసు. మా తమ్ముడికి చెవులు వినపడవన్న సంగతి వాడికి ఏడేళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పిలిస్తే పలకడు, ఒట్టి మొండోడు అని బాపు కొట్టేవాడు, అవ్వ ఏడ్చేది, నేను వాడి మీద చాడీలు చెప్పేదాన్ని. చివరికి పట్నంలో డాక్టరు చూసి, ఇంకా ముందే తేవలసింది అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఉద్యోగమంతా తరిమింది. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, ఒక ఊళ్ళో ఉంటే మనసు పక్క ఊళ్ళో ఉండేది, నేను టీ తాగుతున్న ఈ గడియలో ఎక్కడో ఒక పిల్లకు ఆలస్యమైపోతున్నదేమో అని ఒకటే పరేషాన్. మా జీపు డ్రైవరు నా తొందర చూసి ఇంజను ఆపడమే మానేశాడు.

ఆ తొందరలోనే అడవి అంచున ఒక గోండు గూడేనికి పోయాను. అక్కడి పిల్లల కేంద్రంలో నిర్మల్ నుంచి వచ్చిన పంతులమ్మ ఒకరు, వంటచేసి పిల్లలను ఎత్తుకునే ఆయమ్మ ఒకరు. ఆయమ్మది అదే గూడెం. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి నా దగ్గరి బొమ్మల అట్టలు చూపించాను. ఆవు, గొడుగు, రైలు. ఒక పిల్ల, ఐదో ఏడు నడుస్తున్నది, ఏ బొమ్మ చూపించినా నా మొహమే చూసింది తప్ప పెదవి కదపలేదు. నీ పేరేంది అంటే మాట లేదు. ఈ పిల్ల వచ్చిన కాడి నుంచి ఒక్క మాట మాట్లాడలేదమ్మా అన్నది పంతులమ్మ. మాట రాదు, బుద్ధి ఎదుగుదల లేదు అని రాసుకున్నాను. పక్కనే ఒక చిన్న పిల్లవాడు అందరితోపాటు చేతులెత్తి, అందరితోపాటు దించి, చక్కగా నవ్వాడు. వీడికేం, బాగున్నాడు అనుకుని దాటిపోయాను.

కరీంనగర్‌లో అలాంటి పిల్లలను ఉంచుకుని నేర్పే హాస్టలులో సీటు దొరకడం గగనమే. నెల రోజులు తిరిగి, పెద్దలను బతిమాలి, నేనే సాధించాను. పిల్ల తండ్రి చేత వేలిముద్ర వేయించాను. తల్లిని నేనేమీ అడగలేదు. ఆమె గుడిసె గుంజ పట్టుకుని నిలబడి ఉండటం గుర్తున్నది.

తీసుకుపోయే రోజున తల్లీ పిల్లా ఆయమ్మా జీపులో వెనక కూర్చున్నారు. తల్లి పిల్లకు కొత్త గౌను తొడిగింది. సగం దారిలో ఇంజను కాగిపోయి ఒక వాగు పక్కన ఆగవలసి వచ్చింది. డ్రైవరు నీళ్ళకు పోయాడు, నేను గడియారం చూసుకుంటూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. అప్పుడు వెనక నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. ఆ పిల్ల వాగులోకి వేలు చూపించి "ఏర్, ఏర్" అంటూ తల్లికి ఏదో పెద్ద కథ చెబుతున్నది, మధ్యలో ప్రశ్నలు వేస్తున్నది, తల్లి కళ్ళు తుడుచుకుంటూనే జవాబు చెబుతున్నది.

జీపు దగ్గరికి పోయాను. ఏమంటున్నది అని ఆయమ్మనడిగాను.

"ఏర్ అంటే మా మాటల నీళ్ళు. గీ నీళ్ళు ఇంతగనం ఏడికి పోతున్నయి, మనం గూడ ఆడికేనా, రాత్రికి ఇంటికొస్తమా అని అడుగుతుంది మేడం."

"ఈ పిల్లకు మాటలొచ్చా?"

"అయ్యో, ఇంట్ల ఒక్క నిమిషం నోరు ముయ్యది."

"మరి అన్ని రోజుల్లో నాకెందుకు చెప్పలేదు?"

ఆయమ్మ తల దించుకున్నది. "మీరు నన్ను అడగలే మేడం. గా బొమ్మలు చూపిచ్చి తెలుగుల అడిగిన్రు. గా పిల్లకు తెలుగు రాదు. మీకు మా మాట రాదు. సర్కారోళ్ళు రాసుకున్నంక మేమేం అంటం?"

డ్రైవరు తిరిగొచ్చి ఇంజను చల్లబరిచి, పోదామా మేడం అన్నాడు. నేను బతిమాలి సాధించిన సీటు అక్కడ ఎదురుచూస్తున్నది, పైఅధికారికి మాట ఇచ్చి ఉన్నాను. జీపు వెనక్కి తిప్పమన్నాను. మొదట ఆ తల్లికి నమ్మకం కలగలేదు. గూడెం దారి పట్టాక మాత్రం పిల్లను గట్టిగా కరుచుకుని, నా వైపు చూడకుండా, బయటికే చూస్తూ కూర్చున్నది. నన్ను క్షమించిందని అనుకోను. పైఅధికారి నలుగురి ముందు నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

మర్నాటి నుంచి ఆ ఆయమ్మను వెంటబెట్టుకుని అడవి ఊళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరిగాను. బొమ్మల అట్టలు పక్కన పెట్టి, తల్లులను కూర్చోబెట్టి ఇంట్లో పిల్లలు ఏం మాట్లాడతారో అడిగించాను. నా జాబితాలో కొట్టివేతలే ఎక్కువయ్యాయి. అదే గూడెంలో అందరితోపాటు చేతులెత్తి నవ్విన పిల్లవాడి వెనక ఆయమ్మ పళ్ళెం కింద పడేస్తే, వాడు తల తిప్పలేదు. పక్కవాళ్ళను చూసి చేస్తున్నాడు తప్ప వాడికి ఏమీ వినపడటం లేదు. అచ్చం మా తమ్ముడు చేసినట్టే. పద్దెనిమిదేళ్ళు తమ్ముడితో ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, ఈ పిల్లవాడిని చూసి, బాగున్నాడనుకుని దాటిపోయినదాన్ని, ఆ రోజు కేంద్రం వెనక్కి పోయి ఏడ్చాను. వాడికి చెవి మిషను పెట్టించే దాకా నిద్రపోలేదు. ఆలస్యమైనా మరీ ఆలస్యం కాలేదు, కొన్ని మాటలు నేర్చాడు, తర్వాత బడికీ పోయాడు.

రిటైరయ్యే ముందు ఏడు ఒకసారి ఆ గూడేనికి పోయాను. తారు రోడ్డు పడింది, కేంద్రానికి సిమెంటు గోడలు వచ్చాయి, ఆయమ్మ అప్పటికే చనిపోయిందని చెప్పారు. నేను తీసుకుపోబోయిన పిల్ల చంకలో బిడ్డతో ఎదురొచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు, పక్కవాళ్ళు చెబితే నవ్వింది. ఆమె బిడ్డ నన్ను చూసి జంకకుండా, నీ పేరేంది అంటే టక్కున చెప్పింది, గోడ మీది బొమ్మలన్నిటికీ వరుసగా తెలుగులో పేర్లు చెప్పింది. నీళ్ళను మీ మాటలో ఏమంటారు బిడ్డా అంటే మాత్రం తల్లి మొహం చూసింది.

"దానికి మా మాట నేర్పలే మేడం," అన్నది తల్లి, బిడ్డ జుట్టు సవరిస్తూ. "మీరు నన్ను జీపుల ఎక్కిచ్చుకపోయిన సంగతి మా అవ్వ చెప్పేది. మల్ల ఎవరన్న వచ్చి మాట రాదని రాసుకపోతే ఎట్ల?"

ఇప్పుడు ఏ ఊరికైనా రోడ్డున్నది, పరీక్షలున్నాయి, డాక్టర్లున్నారు, ఏడేళ్ళ దాకా చెవులు వినపడవని తెలియని ఇల్లు బహుశా ఉండదు, అందుకు సంతోషమే. కానీ ఒక పిల్లను వెనక్కి తెచ్చి దించిన చోట ఒక మాటను పోగొట్టివచ్చానేమోనన్న ఆలోచన మాత్రం ఇన్నేళ్ళయినా నన్ను ఒకచోట కుదురుగా కూర్చోనివ్వదు.