వీధంతా పిల్ల తండ్రి అనుకున్న మనిషి

ఆఫీసరు గారు పోయారన్న కబురు మా ఆయన తెచ్చాడు. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి, సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా గుమ్మం ముందు అలాగే నిలబడ్డాడు.

"ఆపీసరు గారు పోనారే. సాయంత్రం తీసుకెల్తారట."

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఎవరని అడిగింది. మా ఆయన నా మొహం చూశాడు. "తెలిసినవాళ్ళులెండి" అనేశాను. ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఇది రాస్తూ కూడా మాటిమాటికీ లేచి వీధిలోకి పోయి వస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. మొదటిసారి తప్పు చేసినవాణ్ణి ఒక్కోసారి కోర్టు వారు జైలుకి పంపరు. బుద్ధిగా ఉంటానని రాయించుకుని ఇంటికి పంపేస్తారు. ఆ గడువు తీరేదాకా వాణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి ఒక ప్రొబేషన్ ఆఫీసరు ఉంటారు. మా ఆయన పెళ్ళికి ముందు, స్నేహితులతో కలిసి హార్బరు దగ్గర ఓ గిడ్డంగిలోంచి రాగి తీగ చుట్టలు మోసుకుపోతూ దొరికిపోయాడు. రెండేళ్ళ గడువు పడింది. ఈలోగా కాలు జారితే జైలే. ఈ సంగతి మా కాలనీలో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీదు. మా ఆయన్ని అడిగే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో మా ఆయన వాళ్ళు జాలరిపేట వెనక ఓ సందులో అద్దెకుండేవారు. ఆఫీసరు గారిది గోదావరి జిల్లా. తెల్లచొక్కా, చంకలో గొడుగు, పాత సైకిలు. యూనిఫారం లేదు, చేతిలో కర్ర లేదు. అలాంటి మనిషి సందులోకి వచ్చి, ఫలానా కుర్రాడు పనికి సరిగ్గా వెళ్తున్నాడా, తాగుతాడా, ఎవరితో తిరుగుతాడు అని ఇంటింటా ఆరా తీస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పిల్లనిచ్చే తండ్రి అనుకున్నారు. ఇంకేముంది, సందంతా ఒక్కటైపోయింది. చేపల గంప దించి మరీ ఓ ముసలమ్మ చెప్పిందట: "సీమకైనా అపకారం సెయ్యడు బాబూ. కల్లు వోసన కూడా గిట్టదు."

అప్పటికి మా ఆయన వారానికోసారైనా తాగేవాడు.

"మీ సందులో ఒక్కరూ నాకు నిజం చెప్పలేదమ్మా. ఉద్యోగం ఎలా చెయ్యమంటారు చెప్పండి?" అని ఆయన తర్వాత్తర్వాత నా దగ్గర వాపోయేవారు. పిల్ల తండ్రిని కాదని చెప్పొచ్చు కదా అని నేనంటే, చెబితే ఎవర్నని చెప్పాలి, వాడి పరువేం కావాలి అనేవారు.

గోదావరి నుంచి ఓ పెద్దమనిషి పిల్లనిద్దామని తిరుగుతున్నాడని ఆ నోటా ఈ నోటా పాకి, మా ఊరు పద్మనాభం దాకా వచ్చింది. అంత దూరం వాళ్ళు వెంటబడుతున్నారంటే కుర్రాడు మంచివాడే అయ్యుంటాడని మా అయ్య బస్సెక్కాడు. సందు మొదట్లో టీ బడ్డీ దగ్గర ఆఫీసరు గారే ఎదురయ్యారు. ఎవరో వేలెత్తి చూపించారు కూడా. మా అయ్య మొహమాటం లేని మనిషి. నేరుగా వెళ్ళి అడిగేశాడు.

"బాబూ, తవరు నెలల తరబడి తిరగతన్నారట. ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు. ఆ కుర్రోడిలో ఏటి నోపం సూసినారు?"

ఆఫీసరు గారికి గొంతులో టీ అడ్డం పడిందట. లోపం లేదంటే ఒక ఆడపిల్ల గొంతు కోసినట్టు. ఉందంటే నిలదొక్కుకుంటున్నవాణ్ణి తోసేసినట్టు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ బడ్డీ ముందు అటూ ఇటూ తిరిగారట. చివరికి, "ఆ మాట అతన్నే అడగండి. అతను చెప్పేదాకా నేనిక్కడే ఉంటాను" అని, లోపలికెళ్ళి మా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

మా ఆయన చెప్పాడు. నడిరోడ్డు మీద, తల దించుకుని, రాగి తీగ దగ్గర్నుంచి తాగుడు దాకా.

మా అయ్య అంతా విన్నాడట. తర్వాత ఆఫీసరు గారి వైపు తిరిగి, "మీకే కూతురుంటే ఈడికిత్తారా?" అన్నాడు.

"ఇస్తానండి. ఇంకో ఏడాది ఆగి ఇస్తాను."

గడువు ఇంకా ఏడాది ఉంది. "ఇప్పుడే ఇత్తానని ఉంటే నమ్మకపోదును" అని మా అయ్య ఇంటికొచ్చి చెప్పాడు. ఆ ఒక్క జవాబు నా పెళ్ళిని ఏడాది ఆపింది. ఆ ఏడాదంతా నాకు స్థిమితం లేదు. పెళ్ళిచూపుల్లో ఒక్కసారే చూసిన మనిషి కోసం, వాడు మళ్ళీ ఏ గోతిలో పడతాడోనని, పొలం గట్టు మీద కూడా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. నాకు ఒళ్ళు మండేది కూడా, ఏడాది అన్న ఆ పెద్దమనిషి మీద.

ఆయనకీ స్థిమితం లేదని తర్వాత తెలిసింది. ఓసారి పాత స్నేహితులు మా ఆయన కోసం సందు చివర కాపు కాశారు. వాళ్ళకి దొరక్కూడదని మా ఆయన చెప్పాపెట్టకుండా యారాడ పారిపోయి, తెలిసినవాళ్ళ వలలు లాగుతూ కూర్చున్నాడు. కనబడాల్సిన రోజున ఆఫీసులో కనబడలేదు. ఆఫీసరు గారు కోర్టుకి ఒక్క ముక్క రాసి పడేస్తే మా ఆయనకి జైలే. రాయలేదు. వెతుక్కుంటూ కొండెక్కి దిగి, చెమటలు కక్కుతూ ఇసుకలోకి వచ్చారు. "చెప్పి చావచ్చు కదరా" అని దారి పొడుగునా తిడుతూనే వెనక్కి తీసుకొచ్చారు.

గడువు తీరింది, పెళ్ళయింది. ఆయన పెళ్ళికొచ్చి వెనక వరసలో నిలబడి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఓ రోజు పూర్ణా మార్కెట్లో ఎదురుపడ్డారు. మా ఆయన పక్కన ప్లాంటు స్నేహితుడున్నాడు. ఆఫీసరు గారు మమ్మల్ని చూసి కూడా, ఎరగనట్టు వంకాయలు ఏరుకుంటూ ఉండిపోయారు. నాకు ఉక్రోషం వచ్చింది. వాళ్ళిద్దరూ ముందుకెళ్ళాక ఆగి, పలకరించరేమని నిలదీశాను.

"పక్కనున్నాయన నేనెవరని అడిగితే మీ ఆయనేం చెబుతాడమ్మా? నా అంతట నేను ఎవర్నీ పలకరించను. మీరు పిలవండి, పలుకుతాను."

అలాగే ఉండేవారు. రోడ్డు మీద ఎంతమందిని అలా ఎరగనట్టు దాటుకుంటూ పోయారో పాపం. నేను ఒంటరిగా ఉన్నప్పుడు పిలిచేదాన్ని. సైకిలు దిగకుండా, ఓ కాలు నేల మీద ఆనించి, "వాడెలా ఉన్నాడు?" అని అడిగేవారు. మా ఆయన మాత్రం పక్కన ఎవరో ఒకరు ఉండటంతో ఎప్పుడూ పిలవలేకపోయాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఆఫీసరు గారు పోయిన రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. ఇంటి ముందు చుట్టాలు ఓ పక్కనున్నారు. రోడ్డుకి అవతల, గోడవారగా, చాలామంది మగవాళ్ళు ఎవరికి వారే నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవటం లేదు. చుట్టాల్లో ఒకాయన వచ్చి "తమరు?" అని అడుగుతుంటే, "తెలిసినవాళ్ళమండి" అంటున్నారు, అందరూ అదే మాట. మా ఆయనా వాళ్ళ పక్కనే వెళ్ళి నిలబడ్డాడు.

శ్మశానం దారి ఎత్తు మీదకి పోతుంది. ఆడవాళ్ళం కింద గేటు దగ్గర ఆగిపోయినా అంతా కనబడుతూనే ఉంది. సగం దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. కొడుకు వంగి, చెవిలో "నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. ఇంకెవరైనా పిలిచేవాళ్ళున్నారా అని పురోహితుడు అడిగినట్టున్నాడు. అయినవాళ్ళెవరూ కదల్లేదు.

గుంపులోంచి మా ఆయన ముందుకొచ్చాడు. ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు. ఏ వరసని అడిగారట.

"నాను దొంగతనం సేసి పట్టుబడితే, నన్ను రెండేళ్ళు కాసినారు బాబూ" అన్నాడట.

చెయ్యి తీసేశారు. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. చెవిలో పిలిచిన మాట కాదది. గేటు దగ్గరున్న నాకు వినబడింది. "ఆపీసరు గారూ."

మా ఆయన లేవగానే, ఇందాక గోడవారన నిలబడ్డ వాళ్ళలోంచి ఇంకొకడు వచ్చాడు. తర్వాత తెల్లపంచె కట్టుకున్న ముసలాయన. తర్వాత ఇంకొకరు. పొద్దు వాలిపోతోందని పురోహితుడు తొందర పెడుతున్నా ఆ వరస తెగలేదు. ఒక్కొక్కరూ వంగి, పిలిచి, వెంటనే లేవకుండా కాసేపు అలా చెవి ఒగ్గి ఉండిపోతున్నారు.