చేపల గంపకు ఒక చెయ్యి

నడుముకి ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పిన వద్దుల్లో నన్ను బాధపెట్టింది ఒక్కటే. వంగొద్దన్నాడు, ఇల్లు ఊడ్చే పని తప్పిందనుకున్నాను. ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు, ద్వారకా నగర్‌లో మా ఆఫీసు కుర్చీ మీద నాకు ఏనాడూ ప్రేమ లేదు. బరువులెత్తొద్దు అన్నప్పుడు మాత్రం గుండె గుభేలుమంది. మరి ఆదివారం చేపలామె గంప ఎవరు దింపుతారు?

మా గాజువాక వీధిలో ఆ గంప దింపడం నా హక్కు. ఆవిడ మా గేటు ముందు ఆగి, తల కదపకుండా "సెయ్యెయ్యమ్మా" అంటుంది. చెరోవైపు పట్టుకుని దించుతాం. బేరం ముగిశాక మళ్ళీ ఇద్దరం ఎత్తి ఆవిడ తల మీద పెడతాం. బేరంలో ఎంత కొట్లాడుకున్నా ఎత్తేటప్పుడు మాత్రం ఒక్కటే.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం, నడుముకి బెల్టు బిగించుకుని వరండాలో నిలబడ్డాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, నడుం కోసేసినారంట గదా? నువ్వక్కడే ఉండు. బాబుని పిలు."

బాబు అంటే మా ఆయన. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. పైన కేబిన్లో కూర్చుని టన్నుల కొద్దీ ఇనుము అవలీలగా లేపే మనిషి. చేపల పులుసంటే ప్రాణం, పచ్చి చేప వాసనంటే ఆమడ దూరం. లుంగీ ఎగ్గట్టి, మొహం పక్కకి తిప్పుకుని, గంప అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. గంప ఒరిగి ఐసు నీళ్ళు ఆయన భుజం మీదుగా కారాయి.

"అడుగున పట్టుకోండి!" అని వరండాలోంచి అరిచాను.

"నాకు తెలుసులేవే!"

"నీకేటీ తెల్దు బాబూ," అంది ఆవిడ. నవ్వితే కుట్లు లాగాయి. అయినా నవ్వాను.

వారం వారం ఆయన చెయ్యి తిరిగింది. నెత్తళ్ళు తాజావో కావో కూడా చెప్పేస్తున్నాడు. "అదృష్టవంతురాలివే," అంది పక్కింటి పిన్నిగారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో గిన్నెలూ బట్టలూ ఆయన చూసుకుంటుంటే కలగని బాధ గేటు దగ్గర కలిగేది. ఇక నన్నెవరూ దేనికీ చెయ్యి వెయ్యమనరేమో, వరండాలోంచి సలహాలిచ్చే మనిషిగానే మిగిలిపోతానేమో అని భయమేసేది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయిని వెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని, గంప ఎత్తగలనా అని. "ముందు కాలెత్తండి మేడం," అనేది.

నెలలు గడిచాక డాక్టరు బెల్టు తీయించి, మోకాళ్ళు వంచి మామూలు బరువులు ఎత్తొచ్చన్నాడు. ఆ ఆదివారం మా ఆయన కంటే ముందే గేటు దగ్గరికెళ్ళాను.

"బాబేడమ్మా?"

"స్నానం చేస్తున్నాడు. నేనున్నాను కదా."

ఆవిడ కాస్త ఆలోచించి సరేనంది. గంప ఉత్త గంపలా తేలిగ్గా దిగింది. చూస్తే నిండా చేపలే. ఏదో తేడాగా అనిపించింది. వంజరం ముక్కలు కోయించుకున్నాను కానీ బేరం మీద మనసు పోలేదు. మళ్ళీ ఎత్తేటప్పుడు కనిపెట్టాను. ఆవిడ గంప అడుక్కి మోకాలు దన్ను పెట్టి, బరువంతా తనవైపే లాక్కుంటోంది. నా చేతులు ఊరికే అంచుని అంటుకుని ఉన్నాయి.

నాకు తిక్క రేగింది. "నా వాటా బరువు నాకియ్యి!"

"నాను మోత్తాన్లే అమ్మా. మల్లీ మంచం ఎక్కుతావేటి?"

"ఎక్కితే ఎక్కుతాను. ఇయ్యి."

ఆవిడ నా మొహంలోకి చూసి, మెల్లగా మోకాలు తీసేసింది. బరువు నా చేతుల్లోకి వచ్చింది. నడుం మూలిగింది కానీ నిలబడింది. గంప ఆవిడ తల మీదికెక్కింది. ఆవిడ కేకేసుకుంటూ పక్క వీధిలోకి తిరిగింది.

వెనక్కి చూస్తే తడి తలతో మా ఆయన. నన్ను పట్టుకోడానికి రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఇక చేతులు దించండి," అన్నాను. అనేసరికి నాకే ఏడుపొచ్చింది.