జల్లెడ కిందికి జారిన పిల్లలు

పొద్దున్న ఫరీదాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉప్మా రవ్వ జల్లిస్తూ, కిందికి రాలిన సన్నపొడి పారబొయ్యబోయి చెయ్యి ఆపేశాను. జల్లెడ దాటి పోయినదాన్ని చూడకుండా పారబొయ్యకూడదని నాకు బుద్ధొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఎలా వచ్చిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పట్లో ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఆఫీసు బస్సెక్కాక, నేను మునిర్కా వైపు ఒక ల్యాబులో సహాయకురాలి పనికి వెళ్ళేదాన్ని. కాకినాడ సముద్రం పక్కన పుట్టి, సముద్రం జాడే లేని ఢిల్లీకొచ్చి సముద్రపు ప్రాణుల్ని లెక్కపెట్టానంటే మీకు నవ్వొస్తుంది, నాకూ వచ్చేది. ఎక్కడో ఉత్తరాన గడ్డకట్టే సముద్రంలో నెలనెలా వలవేసి పట్టి, కుళ్ళకుండా మందు పోసిన సీసాల్లో పెట్టి పంపేవాళ్ళు. రొయ్యకి దూరపు చుట్టంలాంటి, బియ్యపు నూకంత జీవి. ఏ నెలలో ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎదిగినవెన్ని, పిల్లలెన్ని అన్నదే ఆ ల్యాబులో పరిశోధన చేసే, నేను దీదీ అని పిలిచే అమ్మాయి థీసిస్. దీదీ బీహారు పిల్ల, నాకంటే రెండేళ్ళు పెద్ద, మునిర్కాలో అద్దెగదిలో ఉంటూ నా పులిహోర డబ్బా కోసం నాకంటే ముందే ల్యాబుకి వచ్చేది.

ప్రతి సీసానీ రెండు సగాలు చేసి, ఒకటి దాచి, రెండోది జల్లెడలో పోసి మందు పోయేలా కడిగి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం నా పని. చలికాలంలో ఆ జీవులు లోతుకి దిగి ముడుచుకు పడుకుంటాయి కనుక పిల్లలు కనబడవు. వసంతంలో పైకొచ్చి గుడ్లు పెట్టాలి. వసంతం సీసాల్లోనూ నాకు పిల్లలు కనబడలేదు. ఆ సముద్రంలో వీటికి కాన్పు ఆలస్యమని, ఎవరూ చెప్పని సంగతి దొరికిందని దీదీ సంబరపడి ఒక అధ్యాయమే రాసేసింది.

ఒక మంగళవారం కడిగిన నీళ్ళు పారబొయ్యడం మరిచిపోయాను. మధ్యాహ్నం ఊసుపోక అందులో చుక్క తీసి చూద్దును కదా, చుక్క నిండా పిల్లలే. సన్న జల్లెడ చిరిగితే బీరువాలోంచి ఇంకోటి తీసి వాడుతున్నాను, దాని కన్నాలు ఏపాటివో చూసుకోలేదు. వసంతం మొత్తాన్ని నా చేత్తో నేనే సింకులో పోశాను.

నోరు పెగలడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా దీదీ, తనకి ఉద్యోగం ఇస్తామన్న కాలేజీకి, నెలాఖరుకల్లా థీసిస్ ఇచ్చేస్తానని మాటిస్తూ ఉత్తరం రాసింది. దానికి స్టాంపు అంటించింది నేనే, అప్పుడైనా చెప్పలేకపోయాను.

శనివారం చెప్పాను, ఇప్పుడే చూశానన్నట్టుగా. దీదీ టీ గ్లాసు పక్కన పెట్టి, లేచి వెళ్ళి దాచిన సీసాల బీరువా తెరిచి చూసింది. తర్వాత, "ఠీక్ హై. ఆధా తో రఖా హై నా," అంది, సగం దాచే ఉంది కదా అని. ఆ దాచిన సగాల్ని ఇద్దరం రెండున్నర నెలలు మళ్ళీ లెక్కపెట్టాం. వసంతం సీసాల్లో పెద్దవాటికంటే పిల్లలే ఎక్కువ. ఉద్యోగం వేరెవరికో పోయింది. మొదటి లెక్క జల్లెడ వల్ల తప్పిందని థీసిస్‌లో రాసింది గానీ, ఆ జల్లెడ పట్టిన చెయ్యి ఎవరిదో రాయలేదు.

ఇప్పుడు ఫోటో తీస్తే యంత్రమే లెక్కపెడుతుందట, మనవరాలు చూపించింది. మంచిదే, కళ్ళు మిగులుతాయి. ఉత్తరాల రోజులూ పోయాయి, దీదీ వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ పెడుతుంది. తను ఆలస్యంగానైనా కాలేజీలో మేడమై రిటైరైంది. ప్రతి హోలీకీ ఫోన్ చేసి, తప్పు కనబడిన రోజే పరుగెత్తుకొచ్చి చెప్పిన అమ్మాయి అంటూ నా గురించి తన విద్యార్థులకి ఎన్నిసార్లు చెప్పిందో తలుచుకుంటుంది. నేను అచ్ఛా దీదీ అంటాను. ఆ నాలుగు రోజుల సంగతి ఇవాళ్టికీ చెప్పలేదు.