సోమ, బుధ, శుక్రవారాల పూసలు

గాజుసామాను కడిగే మనిషిని చూసి కుళ్ళుకున్నానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అసూయ అంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని కుళ్ళు అనే అనేవాళ్ళు. నాది అచ్చంగా అదే.

తొంభైల మొదట్లో మాట. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక అశోక్ నగర్‌లో ఒక చిన్న ల్యాబులో చేరాను. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. ఒక ఇంటి కింది వాటా కిరాయికి తీసుకుని రిటైరైన సైంటిస్టు ఒకాయన నడిపేవారు. ఆయన్ని అందరం సారు అనేవాళ్ళం. అందరం అంటే నేనూ, గాజుసామాను కడిగే అక్కా, అంతే. అక్కది పాలమూరు దిక్కు. మొగుడు బిల్డింగు పనులకు పోయేవాడు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి బస్తీలో ఒక గదిలో ఉండేవాళ్ళు. ఆమె ఐదో తరగతి వరకు చదువుకుంది.

మేం చేసేది పూసలు. మెడలో వేసుకునేవి కావు, కంటికి సన్న రవ్వలా కనిపించే ప్లాస్టిక్ పూసలు. వాటిని గాజుగొట్టంలో నింపి, పైనుంచి రకరకాల ప్రోటీన్లు కలిసిన నీళ్ళు పోస్తే, మనకు కావలసిన ప్రోటీన్ పూసలకు అంటుకుంటుంది, మిగతాది కిందికి పోతుంది. తర్వాత ఉప్పునీళ్ళు పోస్తే అంటుకున్నది శుభ్రంగా దిగివస్తుంది. మందులు, ఎంజైములు చేసేవాళ్ళకు ఇవి లేనిదే పని నడవదు. అప్పట్లో బయటి దేశాల నుంచి తెప్పించుకునేవారు. ఇక్కడే చేసి చూపించాలని సారు పట్టుదల.

చేసే పద్ధతి చెప్పడానికి సులువు. నీళ్ళలో చిక్కటి పదార్థం ఒకటి కలుపుతాం, మేం దాన్ని గంజి అనేవాళ్ళం. ఆ నీళ్ళలో ఘాటైన వాసన కొట్టే నూనెలాంటి ద్రవం పోసి, మోటరుకు బిగించిన తెడ్డుతో తిప్పుతూ వేడి చేయాలి. నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. ఆ బొట్లే గట్టిపడి పూసలవుతాయి. మధ్యలో ఒక గంట సేపు అవి జిగురుజిగురుగా ఉంటాయి. ఆ గంటలో తెడ్డు వేగం తప్పిందంటే బొట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, పెద్దవీ చిన్నవీ కలగాపులగం అవుతాయి. అలాంటివి గొట్టంలో నింపితే సన్నవి సందుల్లో ఇరుక్కుని నీళ్ళు దిగవు.

ఎంజైములు చేసే ఒక కంపెనీ మా పూసలు వాడి చూస్తామంది. వరుసగా మూడు లాట్లు, అంటే మూడు విడతల సరుకు, ఒకే సైజులో ఇవ్వాలని షరతు. అది కుదిరితే పూసలు చేసే పెద్ద పాత్ర, రియాక్టర్, కొంటానని, దాని మీద ఒకరిని ఇన్‌చార్జిగా పర్మనెంటు చేస్తానని సారు చెప్పారు. ఆ ఒకరూ నేనే అని ఇంట్లో చెప్పేశాను. మా సందులో నాలుగిళ్ళకు కూడా ఆ వార్త మా అమ్మ చేరవేసింది.

నా నోటుబుక్కు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. ఆదివారం సెలవు పోను, ఒక రోజు గంజి ఎక్కువ వేసి, మర్నాడు తక్కువ వేసి, ఆరు నెలలు చేశాను. తక్కువ వేసిన లాట్లు చెడిపోయాయి, ఎక్కువ వేసినవి బాగా వచ్చాయి. గ్రాఫు గీస్తే గీత చక్కగా పైకి పోయింది. సారు చూసి తలూపారు. సరేనని రోజూ ఎక్కువ గంజే వేయడం మొదలుపెట్టాను. మళ్ళీ సగం లాట్లు చెడిపోయాయి. నాకు దిక్కు తోచలేదు. నా లెక్క తప్పని ఒప్పుకోవడం కంటే ఇంకొకరి మీద తోయడం తేలిక. "సర్, గాజుసామాను సరిగ్గా కడుగుత లేరు. సబ్బు మిగులుతున్నట్టుంది" అన్నాను. అక్క సింకు దగ్గరే ఉంది, వినే ఉంటుంది.

సారు నాలాంటి మనిషి కాదు, ఏదైనా పరీక్ష పెట్టి చూడాలంటారు. "అట్లయితే ఆమెనే కడిగి, ఆమెనే ఒక లాట్ చెయ్యనీ. అది కూడ చెడితే సబ్బుదే తప్పు" అన్నారు. ఏడాదిగా నా పక్కన నిలబడి అన్నీ అందించిన మనిషి, ఏది ఎంత పోయాలో ఆమెకు నాకంటే బాగా గుర్తు. ఒక సోమవారం చేసింది. మర్నాడు మైక్రోస్కోపు కింద పెట్టి చూసి సారు కుర్చీలోంచి లేచి నన్ను పిలిచారు. చూశాను. సగ్గుబియ్యం ఏరి పేర్చినట్టు అన్నీ ఒక్క సైజు. సన్నదీ లేదు, ముద్ద కట్టిందీ లేదు.

"ఆమె చెయ్యి మంచిది" అన్నారు సారు. బుధవారం మళ్ళీ ఆమెకే ఇచ్చారు. మళ్ళీ అలాగే వచ్చాయి.

ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నారాయణగూడ చౌరస్తాలో నా క్లాస్‌మేట్ కనిపించి ఉద్యోగం ఎలా ఉందని అడిగితే, బాగుందని చెప్పి, బస్సు రాకపోయినా బస్సు వచ్చిందని వెళ్ళిపోయాను. ఒళ్ళంతా మంట. ఆమె రబ్బరు చెప్పులు చూస్తే మంట, మోచేతుల దాకా తడిసిన చేతులు చూస్తే మంట. యూనివర్సిటీ చదువు నాది, చెయ్యి ఆమెదా? ఆమెను అక్కా అని పిలవడం మానేశాను. "ఇదిగో" అనేదాన్ని. ఆమె పలికేది.

శుక్రవారం ఆమె మూడో లాట్. ఏదో కలుపుతోందని, పట్టుకోవాలని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏమీ కలపలేదు. వేగం చూపించే డయల్ వైపు కూడా చూడలేదు. మోటరు అదురు చేతికి తెలిసేలా టేబులు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. బొట్లు జిగురుగా ఉండే ఆ గంటలోనే, నాలుగు కావస్తుండగా లేచి గేటు దాకా వెళ్ళింది. ముచ్చట్లకు పోతోంది, దొరికింది అనుకుని వెనకే వెళ్ళాను. ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. గేటు పట్టుకుని వింటోంది. పక్కింట్లో నీళ్ళ మోటరు మొదలైంది. ఎదురింట్లో ఇంకొకటి. ఆమె గబగబా లోపలికి వచ్చి, టేబులు మీద చెయ్యి పెట్టి, మోటరు వేగం పెంచే నాబ్‌ను కొంచెం తిప్పింది.

"ఎందుకు తిప్పినవ్?" అన్నాను.

"నల్లా వచ్చింది కద మేడం. గల్లీల అందరు ఒక్కసారే మోటర్లేస్తరు. కరెంటు అటు గుంజుకపోతది, మన తెడ్డు మెల్లగైతది. జర పెంచాలె."

"నల్లా సంగతి నీకెట్ల తెలుసు?"

"పొద్దుగాల ఈ గల్లీలనే రెండిండ్లల్ల బోళ్లు తోముత. సోమారం, బుధారం, శుక్రారం నాలుగింటికి వస్తది."

"మరి ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీకెరుకనే అనుకున్న మేడం. రోజు నోటుబుక్కుల రాస్తుంటిరి కద."

సాయంత్రం నోటుబుక్కు పక్కన క్యాలెండరు పెట్టుకుని కూర్చున్నాను. తేదీలు రాశాను గాని వారాలు రాయలేదు. చెడిపోయిన లాట్లన్నీ సోమ, బుధ, శుక్రవారాలే. తక్కువ గంజి వేసింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మిగతా మూడు రోజులు ఎక్కువ గంజి. ఆరు నెలలు కష్టపడి నేను గ్రాఫు గీసింది గంజికి కాదు, అశోక్ నగర్ నల్లా టైముకి. ఇంకొకరైతే నవ్వుకునేవాళ్ళు. మా ఇంట్లో నల్లా ఎప్పుడొస్తుందో కూడా నాకు తెలియదు, ఆ గొడవంతా అమ్మది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే సారుతో అన్నాను: "సర్, నాలుగింటికి వోల్టేజీ పడిపోతున్నది. నేను గమనించిన." ఆ "నేను" ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. సారు మురిసిపోయి వెంటనే వోల్టేజ్ స్టెబిలైజర్ తెప్పించారు. ఇక ఎవరు చేసినా పూసలు బాగానే వచ్చాయి. మూడు లాట్లు నేను చేశాను, కంపెనీ ఒప్పుకుంది. సారు అక్కతో "మేడం కారణం కనుక్కున్నది, ఇగ నీకు లాట్లు చేసే తిప్పలు లేవు" అన్నారు. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, నేనేదో అంటానని చూసినట్టు. నేను స్లయిడు తుడుస్తూ ఉండిపోయాను. ఆమె సింకు దగ్గరికి వెళ్ళింది, నేను పెద్ద రియాక్టర్ దగ్గరికి.

రిపోర్టు ఇంగ్లీషులో నేనే రాశాను. ఒకరోజు ఫ్లాస్కులు ఆరబెడుతూ అక్క అడిగింది: "మేడం, అండ్ల నా ముచ్చట రాసిండ్రా?"

"రాసిన" అన్నాను.

"ఒక జిరాక్సు ఇస్తరా? మా బిడ్డ ఎనిమిది చదువుతున్నది, ఇంగ్లీషు చదువొస్తది. చూపిస్త."

రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి ఒక్క పేజీ మళ్ళీ టైపు చేయించాను. వోల్టేజీ తేడాను మొదట కనిపెట్టింది, చేత్తో సరిచేసింది ఈమె అని, పూర్తి పేరుతో. ఆ పేరు కోసం ఆమెనే ఇంటిపేరు అడగాల్సి వచ్చింది. అదే పేజీ నంబరు వేయించి ఆమెకిచ్చాను. సారు ఫైలులో నా పేరుతోనే ఉన్న పేజీని ముట్టుకోలేదు.

రెండేళ్ళకు ఆమె కూతురు టెన్త్ పాసైందని స్వీటు తినడానికి పిలిస్తే వెళ్ళాను. అప్పటికీ అక్క గాజుసామానే కడుగుతోంది. ఆ గదిలో గోడకు ఆ పేజీ ఉంది, లామినేషన్ చేయించి మేకు కొట్టారు. నా కోసం వచ్చిన పక్కింటివాళ్ళకు కూతురు దాన్ని ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "మా మేడం రాసింది" అంది. అప్పుడు కూడా నాకు కుళ్ళే కలిగింది. నా పేరు మా ఇంట్లో ఏ గోడ మీదా లేదు. చాయ్ తాగుతూ ఆ పేజీ వైపే చూస్తూ కూర్చున్నాను. నేను రాసినవాటిలో నిజం ఉన్నది ఆ ఒక్క కాగితంలోనే. ఆమెను రియాక్టర్ దగ్గర కూర్చోబెట్టగల మనిషి సారు ఒక్కరే. ఆయన ఆ బస్తీకి ఎప్పుడూ రారని నాకు తెలుసు. తెలిసే ఆ పేజీ ఆమెకిచ్చాను.