సీసా మీద నేను పెట్టిన గీత

మొన్న విశాఖలో మావారికి ఆపరేషనయ్యాక, నర్సమ్మాయి మూత్రం సంచీని నిలబడే చూసి "రెండొందలు ఉంటుందిలెండి" అని రాసేసుకుంది. వంగి చూసి రాయమని కసిరాను. రిటైరైనా నీ నోరు రిటైరవలేదని మావారు విసుక్కున్నారు. నిజమే. ఆ నోరే ఒకప్పుడు ఒక మనిషిని చంపింది.

తొంభైల్లో అరకు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరాను. మైదానం నుంచి వచ్చినదాన్ని, ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. మలేరియాతో కొండ మీద నుంచి ఒకాయన వచ్చాడు. మూత్రం తగ్గితే కిడ్నీలు పాడవుతున్నట్టు లెక్క, వెంటనే జీపులో విశాఖ పంపాలి. కొలిచే జాడీ పగిలిపోవడంతో ఒక పెద్ద సీసాకి అర లీటరు దగ్గర ప్లాస్టరు అంటించి, రోజూ ఆయన మూత్రం ఇందులో పట్టాలని, అది ఈ గీత దాకా రావాలని ఆయన భార్యకు చెప్పాను. మర్నాడు పావు వంతే ఉంది. ఆయన చేత నీళ్లు తాగించడం లేదని వార్డంతా వినేలా తిట్టాను. రేపు గీత దాకా లేకపోతే ఊరుకోనన్నాను. ఎందుకు కొలుస్తున్నానో మాత్రం చెప్పలేదు. సంతలో తాను అమ్మే చోళ్ల గింజల కొలత తగ్గిందని వర్తకుడు కసిరితే ఇంకో దోసెడు పోసి సరిచేయడమే ఆమెకు తెలిసిన పద్ధతి.

ఆ తర్వాత వరసగా మూడు రోజులు సరిగ్గా గీత దాకా వచ్చింది. మూడు రోజులూ ఐదు వందలని రాశాను. రంగు పలచబడటం కూడా చూశాను. నా తిట్లు పనిచేశాయని మురిసిపోయాను, సిగ్గులేకుండా. డాక్టరుగారు చార్టు చూసి, విశాఖ అక్కర్లేదన్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన ముఖం ఉబ్బి, ఆయాసం ఎక్కువై, జీపు వచ్చేలోపే పోయాడు.

నేను దుప్పటి కప్పుతుంటే ఆమె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. నేను మళ్లీ కసురుతానేమోనని భయం ఆ కళ్లలో.

"తక్కువ నేదమ్మా, సూసుకో. రోజూ కొలాయి నీలు పోసి గీతకాడికి తెచ్చినాను. రాత్రి నుంచి ఆడికి సుక్క కూడా రాలేదు."

సీసా తీసుకుపోయి పారబోశాను. డాక్టరుగారికి చెప్పలేదు. చార్టు అలాగే ఫైల్లోకి పోయింది. ఆ మూడు రోజుల్లో ఏ ఒక్కరోజు జీపు కొండ దిగినా ఆయన బతికేవాడేమో. ఆయనకు ఆ ఒక్కరోజు దొరకలేదు, నాకు మాత్రం ముప్ఫై ఏళ్లు దొరికాయి.