పదిహేడు రాళ్లు

పెట్రోలు వాసన నాకు కొత్త కాదు. పాత చేతిగడియారాల భాగాలు రోజూ అందులోనే కడుగుతాను. పోయిన వారం ఒక యువకుడు తన తాత గడియారం తెచ్చాడు. గిన్నెలో పెట్రోలు పోసి, గడియారం వెనక మూత తీశాను. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ, "సార్, లోపలి రాళ్లు మార్చరు కదా?" అన్నాడు. చేతిలోని చిమ్టాను, సన్నని భాగాలు పట్టే పట్టకారును, బల్ల మీద పెట్టేశాను. ఎనభై దాటిన వయసులో, కోపంతో ఈ పని సాగదు. ఆ వాసనలో ఆ మాట నేను ఇదివరకే విన్నాను. ఆ మాటతోనే రాజేశం దుకాణం మూతపడింది.

రాజేశం పెద్దపల్లి స్టేషను రోడ్డులో ఒక బట్టల కొట్టు అరుగు మీద, అద్దాల పెట్టె ముందు కూర్చుని గడియారాలు బాగుచేసేవాడు. పద్మశాలీల ఇంట్లో పుట్టి, మగ్గం మీద తెగిన పోగులు అతికించిన వేళ్లు ఆయనవి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయింది. నాకు ఇరవై ఏళ్లు. దగ్గరి ఊళ్లో తాత్కాలిక ఉపాధ్యాయుణ్ణి. మా బాపు గడియారం బాగుచేయించడానికి వెళ్లి, ఆ పని చూసి వదలలేక, రోజూ బడి అయ్యాక సైకిలు మీద వెళ్లేవాణ్ణి. గడియారాల గురించి ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చదివి చెప్పేవాణ్ణి. ఆయన చేత్తో చేసి చూపేవాడు.

"ఊపిరి బిగవట్టు పంతులూ," అనేవాడు. "నువ్వు తుమ్మినవనుకో, గా స్ప్రింగు పోయి చెన్నూరుల వడ్తది."

అరిగిన ఇరుసును పారేసేవాడు కాదు. గంటల తరబడి నునుపు చేసి దాన్నే మళ్లీ కూర్చోబెట్టేవాడు. కొత్తది వేస్తే తొందరగా అయిపోతుంది కదా అన్నాను ఒకసారి. "కొత్తది ఏస్తే గూడ నడుస్తది తమ్మీ. కానీ గాయన తెచ్చిన గడియారం అది కాదు గదా," అన్నాడు. ఇలాంటి మనిషిని దొంగ అన్నారు.

నేను పనిచేసే ఊరి దొర దగ్గర ఒక విదేశీ గడియారం ఉండేది. పదిహేడు రాళ్లని దాని ముఖం మీదే రాసి ఉంది. చక్రాల ఇరుసులు అరగకుండా వాటి కొనల కింద పెట్టే ఎర్రరాళ్లు అవి. గసగసమంత ఉంటాయి. కార్ఖానాలో చేసినవి. ఏ నగకూ పనికిరావు. దొర మాత్రం పదిహేడు కెంపులు చేతికి కట్టుకుని తిరుగుతున్నానని నమ్మాడు. గడియారం ఆగితే రాజేశానికి ఇచ్చాడు. మొత్తం విప్పి కడిగాం. రాజేశం ఒక్కో రాయినీ భూతద్దంలో చూపించి నా చేతనే లెక్కపెట్టించాడు. పదిహేడూ ఉన్నాయి.

తర్వాత దొర ఆ గడియారాన్ని కరీంనగర్‌లో ఒక కంసాలికి చూపించాడు. అతను వెనక మూత తీసి, కనబడిన రాళ్లు లెక్కపెట్టి, ఆరే అన్నాడు. మిగతావి పైభాగాల చాటున, కింది పలకలో, ముళ్లున్న వైపు ఉంటాయి. విప్పితే తప్ప కనబడవు. ఆ సంగతి కంసాలికి తెలియదు. తెలియదని చెప్పనూ లేదు.

అంగడి రోజు దొర నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఏమిరా, నా పదకొండు కెంపులు ఏడ దాసినవ్?"

రాజేశం లేచి నిలబడ్డాడు. "దొరా, గడియారం జర ఇయ్యుండ్రి. గీడనే, మీ ముంగట్నే విప్పి పదిహేడు సూపెడ్త."

"మల్ల నీ చేతికిస్తనా? ఉన్న ఆరు గూడ గుంజుతవ్."

అంగడికొచ్చిన వాళ్లు నవ్వారు. "నా గడియారం గూడ గీయనకే ఇచ్చిన. గందుకే ఎనుకవడుతుందేమో!" అన్నాడు ఒకడు. మళ్లీ నవ్వారు.

రాజేశం నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వే లెక్కవెట్టినవ్ గదా. జర చెప్పు."

దొర కూడా నా వైపు చూశాడు. మా బడి నడిచేది ఆయన ఇంట్లో. నా కొలువు ఉండడం, ఊడడం ఆయన మాట మీద ఉంది.

"నాకు సరిగ్గ తెల్వదు," అన్నాను.

ఆ వారమంతా జనం వచ్చి తమ గడియారాలు తీసుకుపోయారు. ప్రతివాడూ ఆయన ముందే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కొత్తగా ఒక్కరూ రాలేదు. నెల తిరక్కుండా రాజేశం అద్దాల పెట్టె అమ్మేసి శ్రీరాంపూర్ వెళ్లిపోయాడు. బొగ్గు గని దగ్గర దీపాల గదిలో పని. వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగులు సరిచేసిన మనిషి, గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించాడు.

రెండేళ్లకు దొర గడియారం మళ్లీ ఆగింది. అప్పటికి నాకు పెద్దపల్లిలో పక్కా కొలువైంది. గడియారాలు ఇంట్లోనే బాగుచేస్తున్నాను. దొర నా దగ్గరికే తెచ్చాడు. ఆయన ముందే తెల్ల పళ్లెంలో విప్పి, ఒక్కో రాయీ చూపించి లెక్కపెట్టాను. పదిహేడు. దొర పళ్లెంలోకి వంగి చూశాడు.

"అయితే ఉన్నయన్నట్టు," అన్నాడు. "సరే, జల్ది బిగియ్యి. లగ్గానికి పోవాలె."

అంతే. రాజేశం పేరు కూడా ఎత్తలేదు. నేను బిగించి ఇచ్చాను. అదీ నా చేత్తోనే.

మర్నాడే శ్రీరాంపూర్ వెళ్లాను. దీపాల గది కిటికీ దగ్గర నిలబడి, దొర ముందు లెక్కపెట్టానని, పదిహేడూ ఉన్నాయని చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను కాబోలు. ఆయన వేళ్లకు మసి పట్టి ఉంది.

"ఉన్నయని నాకు ఎరుకే తమ్మీ," అన్నాడు. "దొరకు నిన్న ఎరుకైంది. నీకు గా దినమే ఎరుక గదా."

వెనకున్న కార్మికుడికి దీపం అందించాడు. నా వైపు మళ్లీ చూడలేదు. ఆయన పోయిన కబురు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దొర మీద, కంసాలి మీద, నవ్విన అంగడి మీద నా కోపం తగ్గలేదు. అన్నిటికన్నా ఎక్కువ కోపం ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు.

తాత గడియారం తెచ్చిన ఆ యువకుణ్ణి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకోమన్నాను. అతని కంటికి భూతద్దం పెట్టాను.

"సార్, ఊకె జోక్ చేసిన."

"తెలుసు. లెక్కపెట్టు."

ఈ గడియారం ముఖం మీదా పదిహేడు రాళ్లనే ఉంది. అతను ఆరు దగ్గర ఆగిపోయి నా ముఖం చూశాడు. ఆగమని, ఒక్కో భాగమే తీసి పళ్లెంలో పెట్టాను. ముళ్లు తీశాను. గడియారం ముఖం తీసి, కింది పలక తిప్పాను. అతను చివరికి పదిహేడు అన్నాడు, మెల్లగా. లేచి బజారు వైపు కిటికీ తెరిచాను.

"మళ్లీ చెప్పు," అన్నాను. "గట్టిగా."